పొద్దున యూక్లిడ్, సాయంత్రం వాగు గట్టు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్లలో ఒక పంచాయితీ మొదలవుతుంది. పిల్లల్ని ఏదైనా కోచింగులో వేద్దామా, అమ్మమ్మగారి ఊరికి పంపుదామా? నాన్న ఒకటంటాడు, అమ్మ ఇంకొకటంటుంది, తాతయ్య 'మా రోజుల్లో' అని మొదలుపెడతాడు. ఆఖరికి ఏదో రాజీ కుదురుతుంది. పొద్దున నాలుగు గంటలు క్లాసు, సాయంత్రం ఒక గంట ఆట. ఆ గంట కూడా పూర్తిగా దక్కదు. 'ఆడింది చాల్లే, ఇక పుస్తకం తియ్యి' అన్న కేక ముప్పావు గంటకే వినపడుతుంది. చదువుకీ ఆటకీ సమతూకం అంటే మనకు తెలిసింది ఇదే. ఉన్న పొద్దును రెండు వాటాలు వెయ్యడం, ఏ వాటా పెద్దదో తేలక తగువులాడుకోవడం.

ఈ లెక్కను వేరే పద్ధతిలో వేసుకున్న చోట్లు కొన్ని ఉన్నాయి. అవి అమెరికాలోని క్యాథలిక్ కాలేజీలు. వాటిలో ఒకటి రెండు చోట్ల హైస్కూలు పిల్లలకోసం వేసవిలో నడిపే చదువుల శిబిరాల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కు వాయవ్యంగా సాంటా పౌలా అనే చిన్న ఊరుంది. నిమ్మ, నారింజ, అవకాడో తోటల ఊరు. ఆ ఊరు దాటి కొండల్లోకి వెళితే లోస్ పాద్రెస్ జాతీయ అరణ్యం. ఆ అడవి అంచున ఒక లోయలో ఉంటుంది థామస్ అక్వినాస్ కాలేజీ. 1971లో మొదలైంది, 1978 నుంచి ఈ లోయలో ఉంది. 2019లో దేశానికి ఆ చివర, మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్‌లో రెండో ప్రాంగణం కూడా తెరిచారు. ప్రతి వేసవిలోనూ హైస్కూలు ఆఖరి సంవత్సరంలో అడుగుపెట్టబోయే పిల్లలకు రెండు వారాల కార్యక్రమం నడుపుతారు. అంటే మన లెక్కలో ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసి రెండో సంవత్సరంలోకి వెళ్లబోయే వయసు. మన దగ్గర పిల్లలకు ఊపిరి సలపని వయసు.

అక్కడి రోజు స్థూలంగా ఇలా ఉంటుంది. పొద్దున క్లాసు. దివ్యబలిపూజ. భోజనం. మళ్లీ ఒక క్లాసు. ఆ తర్వాత ఆటలు, నడక, ఈత. సాయంత్రం అందరూ కూర్చుని మర్నాటి పాఠం చదువుకునే స్టడీ అవర్. రాత్రి కాస్త ఆటాపాటా, జపమాల, పడక. ఇందులో వింతేముంది, మా హాస్టల్లోనూ ఇంతేగా అనిపించవచ్చు. వింత టైంటేబుల్లో లేదు. ఆ క్లాసులో జరిగేదాంట్లో ఉంది.

అక్కడ లెక్చరు ఉండదు. నోట్సు చెప్పడం ఉండదు. పాఠ్యపుస్తకమే ఉండదు. పదిహేను, ఇరవై మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్లతోపాటు ఒక ట్యూటర్. ఆ కాలేజీలో ప్రొఫెసర్ అన్న మాట వాడరు. పిల్లల ముందు ప్లేటో సంభాషణో, సోఫోక్లిస్ నాటకమో, యూక్లిడ్ జ్యామితో ఉంటుంది. అది ముందు రోజు సాయంత్రం చదువుకొచ్చిందే. ట్యూటర్ ఒక ప్రశ్న వేస్తాడు. మాట్లాడాల్సింది పిల్లలే.

యూక్లిడ్ మొదటి పుస్తకంలో మొట్టమొదటి ప్రతిపాదన తీసుకోండి. మీ దగ్గర కాగితం ఉంటే గీసుకుంటూ వినండి. ఒక గీత గీయండి. దాని ఎడమ కొసను కేంద్రంగా పెట్టుకుని, ఆ గీత పొడవే వ్యాసార్ధంగా ఒక వృత్తం గీయండి. ఇప్పుడు కుడి కొసను కేంద్రంగా పెట్టుకుని అంతే వ్యాసార్ధంతో ఇంకో వృత్తం. రెండు వృత్తాలూ పైన ఒకచోట కలుస్తాయి. ఆ కలిసిన చోటు నుంచి మొదటి గీత రెండు కొసలకూ గీతలు గీస్తే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం వస్తుంది. ఎందుకు సమానం? అన్నీ ఒకే కొలత వ్యాసార్ధాలు కాబట్టి. మన ఆరో తరగతి పిల్ల రెండు నిమిషాల్లో చేసి చూపిస్తుంది.

ఇలాంటి క్లాసులో ఒక పిల్లవాడు బోర్డు దగ్గరికి వెళ్లి, పుస్తకం చూడకుండా ఈ నిరూపణ చెయ్యాలి. చేస్తాడు. కూర్చోబోతాడు. అప్పుడు బల్ల అవతలి నుంచి ఒకమ్మాయి అడుగుతుంది: 'ఆ రెండు వృత్తాలూ కలుస్తాయని నీకెలా తెలుసు?' ఇదేం ప్రశ్న, బొమ్మలో కనపడుతోంది కదా అంటాడు వీడు. 'బొమ్మలో కనపడటం నిరూపణ కాదుగా. యూక్లిడ్ ముందే ఒప్పుకుందామన్న సూత్రాల్లో ఆ మాట ఎక్కడుంది?' అంటుంది ఆమె. అందరూ పేజీలు తిప్పుతారు. ఎక్కడా లేదు. నిజంగానే లేదు. రెండు వేల సంవత్సరాలకు పైగా ప్రపంచమంతా చదివిన పుస్తకంలో మొదటి అడుగులోనే ఒక ఖాళీ ఉంది. 1899లో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ జ్యామితి పునాదుల మీద పుస్తకం రాసినప్పుడు, ఇలాంటి ఖాళీలు పూడ్చడానికే కొత్త సూత్రాల జాబితా తయారు చెయ్యాల్సి వచ్చింది.

అంతలో గంట కొడతారు. ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ట్యూటర్ 'జవాబు ఇదీ, రాసుకోండి' అనడు. మనం చూడాల్సింది ఇక్కడే. తేలని ప్రశ్న ఒకటి బుర్రలో పెట్టుకుని ఆ పిల్లలు బయటికి వస్తారు. ఎదురుగా కొండ.

ఆ కాలేజీ పక్కనుంచే సాంటా పౌలా వాగు వెంబడి లోయలోకి ఒక కాలిబాట వెళుతుంది. పైకి నడిస్తే రాతి గుండాలు వస్తాయి. కొండ నీళ్లు రాతిని తొలిచి చేసిన మడుగులు. స్థానికులు వాటిని పంచ్‌బౌల్స్ అంటారు. నడక తేలిక కాదు. రాళ్ల మీద వాగు దాటాలి, ఎండ ఉంటుంది, ఎవరి నీళ్లసీసా వాళ్లే మోసుకోవాలి. అలాంటి దారిలో ఇద్దరు పిల్లలు పక్కపక్కన నడుస్తుంటే ఏం మాట్లాడుకుంటారు? సినిమాలు మాట్లాడుకుంటారు, ఆటలు మాట్లాడుకుంటారు. మధ్యలో ఎక్కడో ఒకడు 'ఆ వృత్తాల సంగతి కాదు గానీ...' అని మొదలుపెడతాడు. పొద్దున బల్ల దగ్గర నోరు విప్పని పిల్ల ఈ నడకలో మాట్లాడుతుంది. బల్ల దగ్గర ఇరవై ముఖాలు తనవైపే చూస్తుంటాయి. దారిలో అందరి చూపూ కాళ్ల కింద రాళ్ల మీద ఉంటుంది. బిడియం ఉన్న పిల్లలకు ఆ తేడా చాలు.

మనం చదువునూ ఆటనూ రెండు శత్రురాజ్యాల్లాగా చూడటానికి అసలు కారణం ఇక్కడ బయటపడుతుంది. చదువంటే బట్టీ అయినప్పుడు గంటకు ఇన్ని పేజీలు, ఇన్ని బిట్లు అని లెక్క ఉంటుంది. ఆ లెక్కలో ఆటకు పోయిన ప్రతి గంటా నష్టమే. బయటికి వెళ్లిన పిల్లవాడి తలలో మోసుకుపోయేందుకు ఏమీ ఉండదు, ఎందుకంటే చదివిందంతా కాగితం మీదే ఉండిపోయింది. అదే చదువు ఒక ప్రశ్న దగ్గర ఆగినప్పుడు, ఆ ప్రశ్న తలలో పడి పిల్లవాడితోపాటు బయటికి వస్తుంది. అప్పుడు నడకా చదువులో భాగమే. అందుకే నేననేది, సమతూకం గంటల పంపకంలో లేదు. చదువు ఎలాంటిదన్నదాని మీదే అది ఆధారపడి ఉంది. బట్టీ చదువుకు ఎన్ని గంటల ఆట జోడించినా తక్కెడ సరిపడదు.

ఈ ఆలోచన కాలిఫోర్నియా వాళ్లు నిన్నామొన్నా కనిపెట్టింది కాదు. ఆ కాలేజీ ఎవరి పేరు పెట్టుకుందో ఆ పునీత థామస్ అక్వినాస్, 1274లో చనిపోయిన ఇటలీ సన్యాసి, తన మహాగ్రంథం 'సుమ్మా థియోలాజియే'లో ఆటల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశాడు. ఆటకు సంబంధించి ఒక సద్గుణం ఉంటుందా, ఉండదా అన్నది ఆయన ప్రశ్న. వేదాంతికి ఆటలతో పనేంటి అనుకుంటాం. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఒళ్లు పనిచేస్తే ఒళ్లు అలుస్తుంది, దానికి విశ్రాంతి కావాలి. బుద్ధి పనిచేస్తే బుద్ధీ అలుస్తుంది. లోతుగా ఆలోచించే వాడికి ఆ అలసట మరీ ఎక్కువ. బుద్ధి అలసటను తీర్చేది ఆనందం. కాబట్టి ఆట కావాలి.

అక్కడ ఆయన ఒక పాత కథ చెబుతాడు. సువార్త రాసిన పునీత యోహాను తన శిష్యులతో కలిసి ఆడుకుంటుంటే కొందరు చూసి ముక్కున వేలేసుకున్నారట. ఇంత పెద్దాయన ఇదేం పని అని. వాళ్లలో ఒకడి చేతిలో విల్లు ఉంది. యోహాను అతన్ని బాణం వెయ్యమన్నాడు. వేశాడు. మళ్లీ వెయ్యమన్నాడు. వేశాడు. అలా చాలాసార్లు వేయించి, 'ఆపకుండా ఇలా వేస్తూనే ఉండగలవా?' అని అడిగాడు. 'అలా చేస్తే విల్లు విరిగిపోతుంది' అన్నాడతను. మనిషి మనసు కూడా అంతే, ఎప్పుడూ బిగించే ఉంచితే విరుగుతుంది అన్నాడట యోహాను.

ఈ కథ చాలామంది చెబుతారు. దాని తర్వాత అక్వినాస్ ఏమన్నాడో మాత్రం ఎక్కువమంది చెప్పరు. ఆటకు ఆయన హద్దులు పెట్టాడు. అది నీచంగా ఉండకూడదు, మనసు పట్టు తప్పకూడదు, మనిషికీ వేళకూ చోటుకూ తగినట్టు ఉండాలి. మితిమీరితే తప్పే. అక్కడితో ఆగలేదు. అసలు ఆట లేకపోవడమూ తప్పు కావచ్చునన్నాడు. తాను ఆడక, ఆడేవాళ్లకు అడ్డుపడుతూ ముఖం మాడ్చుకుని కూర్చునే వాడు నలుగురికీ బరువు అన్నది ఆయన తీర్పు. పదమూడో శతాబ్దపు మఠంలో కూర్చుని రాసిన ఆ మాట మన రెసిడెన్షియల్ క్యాంపస్ గోడ మీద రాయించవచ్చు.

తర్వాత వచ్చిన జెస్యూట్లు, అంటే యేసు సభకు చెందిన క్యాథలిక్ మతగురువులు, దీన్ని బడి నియమంగానే మార్చారు. 1599లో వాళ్లు తమ బడులన్నిటికీ ఒక విద్యా ప్రణాళిక ఖరారు చేశారు. ఏ తరగతిలో ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి అన్నదాంతోపాటు వారానికో విడుపు కూడా అందులో నియమంగానే ఉంది. మతగురువులు కావడానికి చదువుకునే విద్యార్థులు ఆ విడుపు రోజున పట్నం వదిలి, ఊరి బయట తోటలో ఉన్న ఇంటికి వెళ్లి గడపడం వాళ్ల ఆనవాయితీ. మన దక్షిణాదిలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. కొడైకెనాల్ పక్కన షెంబగనూరులో జెస్యూట్ల చదువుల ఇల్లు ఉంది. అక్కడి గురువులు ఆ కొండలన్నీ తిరిగి సేకరించిన మొక్కలు, కీటకాలు, జంతువులతో ఒక మ్యూజియమే తయారైంది. ఆర్కిడ్ పూలకు ఆ చోటు పేరు పొందింది. తిరిగిన కొండలే వాళ్లకు ప్రయోగశాల అయ్యాయి.

మనుషుల సంగతి కూడా చెప్పుకోవాలి. అకిల్లె రత్తి అనే మతగురువు 1888లో మిలాన్‌లోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో చేరాడు. పాత రాతప్రతుల్ని చదివి సరిచూసే పని. దుమ్ము, మసక అక్షరాలు, గంటల తరబడి వంగి కూర్చోవడం. మరుసటి సంవత్సరం, 1889లో, ఆ లైబ్రేరియనే ఆల్ప్స్ పర్వతాల్లోని మోంటే రోసా శిఖరాన్ని చాలా ప్రమాదకరమైన తూర్పు ముఖం నుంచి ఎక్కాడు. ఒక రాత్రంతా మంచులో, ఇరుకైన రాతి అంచు మీద గడిపాడు. కాలుజారితే అంతే. ఆయనే 1922లో పదకొండో పయస్ పేరుతో పోపు అయ్యాడు.

ఇంకొకాయన మనకు బాగా తెలిసినవాడు, పోపు రెండో జాన్ పాల్. పోలండ్‌లో కరోల్ వొయ్తీవా అనే యువ మతగురువుగా ఉన్న రోజుల్లో కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని కొండలకూ, నదులకూ వెళ్లేవాడు. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం గురువులు యువజన బృందాలు నడపడానికి ఒప్పుకునేది కాదు. అందుకని ఆయన మామూలు బట్టల్లో వెళ్లేవాడు, పిల్లలు ఆయన్ని ఫాదర్ అనకుండా బాబాయి అని పిలిచేవాళ్లు. నది ఒడ్డున కయాక్ పడవను బోర్లించి, దాన్నే పీఠంగా చేసుకుని పూజ చేసేవాళ్లు. పగలంతా తెడ్డు వెయ్యడం, రాత్రి నెగడు చుట్టూ కూర్చుని చర్చ. ప్రేమ, పెళ్లి, మనస్సాక్షి, దేవుడు, ఏదైనా అడగవచ్చు. అప్పటికే ఆయన లూబ్లిన్ క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధిస్తున్నాడు. 1958 వేసవిలో ఇలాంటి పడవ ప్రయాణంలో ఉండగానే వార్సాకు రమ్మని కబురొచ్చింది. వెళితే, ఆయన్ని క్రాకోకు సహాయ బిషప్పుగా నియమించారని చెప్పారు. అప్పటికి వయసు 38. ఆయన ఒప్పుకుని, మళ్లీ వచ్చి తన పిల్లలతో పడవ ఎక్కాడు.

ఈ ఇద్దరినీ ఎందుకు చెప్పానంటే, వాళ్లు కొండకూ నదికీ వెళ్లింది చదువు నుంచి తప్పించుకోవడానికి కాదు. రత్తి తిరిగొచ్చి మళ్లీ రాతప్రతుల దగ్గర కూర్చున్నాడు. వొయ్తీవా నీతిశాస్త్ర ఆలోచనలకు ఆ నెగడు దగ్గర పిల్లలు అడిగిన ప్రశ్నలూ తోడయ్యాయి.

ఈ పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకున్న చోటు వ్యోమింగ్ రాష్ట్రంలో ఉంది. లాండర్ అనే చిన్న పట్నం, విండ్ రివర్ పర్వతాల పాదాల దగ్గర. అక్కడి వ్యోమింగ్ క్యాథలిక్ కాలేజీలో 2007లో తరగతులు మొదలయ్యాయి. కాలేజీలో చేరిన పిల్లలు మొదటి పుస్తకం తెరవకముందే 21 రోజులు వీపున సంచులతో అడవి కొండల్లో గడపాలి. తిండి, గుడారం అన్నీ వాళ్లే మోసుకోవాలి, వాళ్లే వండుకోవాలి. గుర్రపు స్వారీ కూడా పాఠ్యాంశమే. సెల్‌ఫోన్ ఉండదు. హైస్కూలు పిల్లలకు ఆ కాలేజీ నడిపే వేసవి శిబిరంలోనూ పుస్తకచర్చ, కొండ ఎక్కడం కలిసే ఉంటాయి.

లాండర్ పక్కనే సింక్స్ కాన్యన్ అనే లోయ ఉంది. పొపోజియా (Popo Agie) అనే నది అక్కడ ఉరుకుతూ వచ్చి, ఉన్నట్టుండి ఒక సున్నపురాతి గుహలోకి దూరి మాయమైపోతుంది. పావు మైలు దిగువన ఒక ప్రశాంతమైన మడుగులో మళ్లీ పైకి వస్తుంది. ఆ మడుగు నిండా పెద్దపెద్ద ట్రౌట్ చేపలు. అంతా ఒకే నీరని నమ్మకం కుదరక పూర్వం రంగు కలిపి చూశారు. రంగు బయటికి రావడానికి సుమారు రెండు గంటలు పట్టింది. మనిషి అయిదారు నిమిషాల్లో నడిచే దూరం! అంతసేపు ఆ నీళ్లు లోపల ఏం చేస్తున్నాయి? పైగా లోపలికి పోయే నీళ్లకంటే బయటికి వచ్చేవి ఎక్కువ. ఆ ఎక్కువ నీళ్లు ఎక్కడివి? ఈ ప్రశ్నలు ఏ టీచరూ అడగనక్కర్లేదు. ఆ గుహ నోటి దగ్గర పది నిమిషాలు నిలబడితే పదహారేళ్ల పిల్లలు వాళ్లే అడుగుతారు. ఇక్కడ ప్రశ్న బయట పుట్టి, లోపలికి, పుస్తకం దగ్గరికి వస్తుంది. కాలిఫోర్నియాలో లోపల పుట్టి బయటికి వెళ్లింది. రెండు వైపులా రాకపోకలు ఉంటేనే దారి.

ఆరుబయలంటే వట్టి సరదా అనుకోకూడదు. 2017 డిసెంబరు 4న మొదలై దక్షిణ కాలిఫోర్నియాను వణికించిన థామస్ కార్చిచ్చుకు ఆ పేరు వచ్చింది ఇందాక చెప్పుకున్న థామస్ అక్వినాస్ కాలేజీ వల్లే. దాని సమీపంలోనే అది రాజుకుంది. విద్యార్థుల్ని ఖాళీ చేయించారు. కాలేజీ భవనాలు దక్కాయి గానీ చుట్టూ కొండలు కాలిపోయాయి. ఆ మంట మొత్తం 2 లక్షల 80 వేల ఎకరాలకు పైగా దహించింది. కొండవాగులో ఉన్నట్టుండి నీరు పెరగవచ్చు, పొదల్లో పాము ఉండవచ్చు, ఎండదెబ్బ తగలవచ్చు. అందుకని ఒంటరిగా వెళ్లకూడదు, నీళ్లు లేకుండా కదలకూడదు, చెప్పిన వేళకు తిరిగి రావాలి. నియమం లేని ఆట అక్కడ లేదు. ఆట వేళకు ఎంత ఖచ్చితమో స్టడీ అవర్‌కూ అంతే ఖచ్చితం. వాగు దగ్గర బాగుందని మర్నాటి పాఠం ఎగ్గొడితే, మర్నాడు ఆ బల్ల దగ్గర నోట మాట రాదు. నలుగురూ మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చోవాల్సి రావడం కంటే పెద్ద శిక్ష ఆ వయసులో లేదు.

ఇదంతా విని, అక్కడంతా స్వర్గమేనని చెబుతున్నానని అనుకోకండి. రెండు వారాల కార్యక్రమం వేరు, ఏడాది పొడవునా నడిచే బడి వేరు. అక్కడికి వచ్చేది చదువంటే ముందే ఇష్టం ఉండి, దరఖాస్తు పెట్టుకుని వచ్చే పిల్లలు. రుసుము ఉంటుంది, ప్రయాణం ఖర్చు ఉంటుంది. ఆ తర్వాత వాళ్లకూ పరీక్షలున్నాయి, సీట్ల పోటీ ఉంది. ఆ రెండు వారాలు ర్యాంకు తెచ్చిపెట్టవు. చదువు ఇలా కూడా ఉండవచ్చని ఒకసారి రుచి చూపిస్తాయి. ఒకసారి రుచి తెలిసిన పిల్ల తర్వాత బట్టీ పట్టాల్సి వచ్చినా, ఇది చదువు కాదని లోపల తెలుసుకునే పడుతుంది.

మరి మన సంగతి? మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ పిల్లల రోజు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేపడం, స్టడీ అవర్, క్లాసు, స్టడీ అవర్, వారాంతం పరీక్ష, నెలకోసారి ఔటింగు. సెలవుల్లో క్లాసులు పెట్టవద్దని ఇంటర్ బోర్డు హెచ్చరించడం, తలుపులు వేసుకుని క్లాసులు నడవడం ఏటా చూస్తున్నదే. చాలా క్యాంపస్‌లకు ఆటస్థలమే లేదు. అపార్ట్‌మెంట్‌లో కాలేజీ ఉంటే ఆటస్థలం ఎక్కడి నుంచి వస్తుంది? అలా అని మనకు వేరే సంప్రదాయం లేకపోలేదు. 1954లో తరగతులు మొదలుపెట్టిన విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీకి వెళ్లి చూడండి, చెట్లూ మైదానాలూ ఎంత విశాలంగా ఉంటాయో. దాన్ని నెలకొల్పిన జెస్యూట్లకు మైదానం లేని కాలేజీ కాలేజీగా కనపడలేదు. గుంటూరు, నల్గొండ, కడప వంటి క్యాథలిక్ మేత్రాసనాల (డయోసిస్‌ల) విచారణల్లో (పారిష్‌లలో) వేసవి సెలవుల్లో పిల్లలకు సత్యోపదేశ (క్యాటకిజం) తరగతులు జరుగుతుంటాయి. గుడి ఉంది, ఆవరణ ఉంది, చెట్టు నీడ ఉంది, పిల్లలున్నారు. హిందూ మఠాలు, స్వచ్ఛంద సంస్థలు, పంచాయతీ గ్రంథాలయాలు నడిపే శిబిరాలకూ ఈ సదుపాయాలు ఉన్నవే. సరుకు అంతా మన దగ్గరే ఉంది.

కాకపోతే అమెరికా టైంటేబులును ఉన్నదున్నట్టు దించుకుంటే దెబ్బతింటాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత పుట్టిన నేల ఇది. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు పిల్లల్ని కొండ ఎక్కిస్తే వడదెబ్బ తగులుతుంది. మనం రోజును తిరగేసుకోవాలి. ఆరుబయలుకు మన వేళ తెల్లవారుజాము అయిదున్నర నుంచి ఎనిమిది లోపు, మళ్లీ సాయంత్రం అయిదు దాటాక. చెరువు గట్టు మీద నడక, పొలం గట్ల మీద పిట్టల్ని చూడటం, కబడ్డీ, ఈత వచ్చిన పెద్దవాళ్లు తోడుంటే ఈత. ఎండ ముదిరాక లోపల, ఫ్యాను కింద, చదువు. మధ్యాహ్నం ఒక కునుకు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. తెల్లవారుజామున చూసినదాని మీద ప్రశ్న పగలు పుస్తకం దగ్గరికి వస్తుంది, పగలు చదివినదాని మీద ప్రశ్న సాయంత్రం గట్టు మీదికి వెళుతుంది.

చదవడానికి గ్రీకు పుస్తకాలే కావాలని లేదు. యూక్లిడ్ మొదటి ప్రతిపాదన కావాలంటే ఇందాక మీరు గీసిన కాగితం చాలు. కన్యాశుల్కంలో ఒక అంకం చదివించి, గిరీశం మంచివాడా చెడ్డవాడా అని అడగండి. రెండు రోజులు ఆ వాదన ఆగదు. వేమన పద్యాలు అయిదు తీసుకుని, ఇందులో మీరు ఒప్పుకోనిది ఏది అని అడగండి. పిల్లలకు పద్యం ఒప్పచెప్పమని అడగడం తప్ప ఒప్పుకుంటావా అని మనం ఎప్పుడైనా అడిగామా? గంటన్నర చర్చ, జవాబు చెప్పకుండా ముగించడం, ఆ తర్వాత బయటికి పంపడం. అంతే శిబిరం. నడిపేవాళ్లకు కష్టమైనది ఒక్కటే, జవాబు తెలిసి కూడా చెప్పకుండా ఊరుకోవడం. మన మాస్టార్లకు అది కొండ ఎక్కడం కంటే కష్టం.

ఆఖరుగా తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వేసవికి మీ పిల్లల్ని ఏ శిబిరంలో చేర్చబోతున్నా, ఎన్ని గంటలు చదివిస్తారు, ఎన్ని గంటలు ఆడిస్తారు అని అడగడంతో సరిపెట్టకండి. రెండు సంగతులు కనుక్కోండి. క్లాసులో పిల్లలు మాట్లాడే సమయం ఎంత, సారు మాట్లాడే సమయం ఎంత? బయటికి తీసుకెళ్లేటప్పుడు సారు కూడా పిల్లలతో వస్తాడా, లేక విజిల్ వేసి నీడన కూర్చుంటాడా? మొదటిదానికి మంచి జవాబు వస్తే అక్కడ చదువు ఉందని లెక్క. రెండోదానికి కూడా మంచి జవాబు వస్తే ఆ చదువు గేటు దాటి బయటికి కూడా వస్తుందని లెక్క. రెండూ ఉన్నచోట చేర్పించి, ఇక గంటల లెక్క వదిలెయ్యండి.